రంగు దిగతా ఉండాది

మా ఆయన పేరు గంగప్ప. ఆయన బతికున్నన్నాళ్ళు ఈ పేరు నా నోటితో పలకలేదు. డాక్టరు అడిగినా, రేషను కార్డు రాసే గుమాస్తా అడిగినా, పక్కన ఎవరుంటే వాళ్ళ చేత చెప్పించాను. ఇప్పుడు ఎన్నిసార్లు పిలిచినా వెనక్కి తిరిగి చూసేవాడు లేడు. గంగప్ప. మంచి పేరే. ఊరికే దాచిపెట్టుకున్నాను.

బెంగళూరు కబ్బన్‌పేటలో పట్టునూలుకు రంగు వేసేవాడు. మగ్గాలవాళ్ళు నూలు తెచ్చి ఇస్తే సబ్బునీళ్ళలో ఉడికించి, జిగురు తీసి, రాగి కాగులో రంగు కాచి, కర్రకు వేలాడదీసిన కట్టల్ని ముంచి తీసేవాడు. చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. మా పెళ్ళిలో నా చెయ్యి పట్టుకున్ననాడు ఆయన చెయ్యి వంకాయ రంగు. పిల్లాడికి ఏదో రోగముందని మా అమ్మ ఒకటే ఏడుపు. ఆ రోజు రోగం లేదు. అది తర్వాత వచ్చింది.

రంగుల సంగతి ఎత్తితే ఆయన అరగంట మాట్లాడగలడు. చిలకపచ్చకూ అరిటాకు పచ్చకూ నడుమ ఎన్ని పచ్చలున్నాయో వేళ్ళ మీద లెక్క చెప్పేవాడు. అదే మనిషిని నీకెలా ఉందని అడిగితే, నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు నిలబడేవాడు. వాళ్ళమ్మ పోయి, అంతా ముగించుకుని ఇంటికొచ్చిన రోజు పక్కన కూర్చుని అడిగాను.

"బేజారుగా ఉండాదా?"

"ఉండాది."

"ఏముండాది?"

"ఏదో ఉండాది."

అంతే. లేచి వెళ్ళి కాగు కింద కట్టెలు ఎగదోశాడు. మా పద్మావతి పుట్టినప్పుడు మంత్రసాని బిడ్డను చేతికిస్తే చాలాసేపు చూసి, "చెవులు బాగుండాయి" అన్నాడు. తొమ్మిది నెలలు మోసి కన్నదానికి దొరికిన మెప్పు అది. ఒక్కతే బిడ్డ. ఆ చెవులు కూడా వాళ్ళ నాయనవే.

జర్మనీ యుద్ధం ముగిసిన ఏడాది ఆయన ఒళ్ళు కరగడం మొదలైంది. చెంబులకు చెంబులు నీళ్ళు తాగేవాడు. పెరట్లో ఆయన వెళ్ళిన చోటల్లా చీమలు బారులు కట్టేవి. ఊరంతా రేషను చక్కెరకు వరసలో నిలబడి కొట్టుకుంటుంటే, మా ఇంట్లో మాత్రం చీమలకు పండగ. నేనే తీసుకెళ్ళి డాక్టరు సుబ్బరాయుడి ముందు కూర్చోబెట్టాను.

"ఎట్లుండాది గంగప్పా?" అన్నాడు డాక్టరు.

"ఉండాది సామీ."

"ఏముండాది? నొప్పా, మంటా, నీరసమా?"

ఆయన బాగా ఆలోచించాడు. "ఉండాను" అన్నాడు.

"నాకు ఇరవై ఏండ్లుగా ఇదే జవాబు సామీ. మీకు ఈ పొద్దే కద మొదలు" అన్నాను నేను.

డాక్టరు ఒక గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో ఈయన మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాడు. చక్కెర లేకపోతే ఆ నీలం నీలంగానే నిలుస్తుందట. కొంచెముంటే ఆకుపచ్చ, ఇంకా ఉంటే పసుపు, మితిమీరితే ఇటుక రంగు. మా ఆయన కాచిన గొట్టాన్ని చూడలేదు. పక్కన సీసాలో మిగిలిన నీలాన్నే చూస్తున్నాడు. యుద్ధంలో జర్మనీ రంగు డబ్బాలు రావడం ఆగిపోయాక అలాంటి నీలం మా కాగులో ఉడకలేదు. ఖాళీ డబ్బా ఒకటి గూట్లో దేవుడి పక్కన పెట్టుకున్నాడు.

"పసుపు" అన్నాడు డాక్టరు, గొట్టం ఎత్తి చూపించి.

"పసుపు కాదు సామీ. ముదురు గంధం. దాంట్లో రవంత కుంకం పడింది."

డాక్టరు తన దగ్గరున్న రంగుల కార్డుతో పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. "నిజమేనప్పా. పసుపుకూ ఇటుకకూ నడాన ఉండాది. నీకు కార్డెందుకు? రోజూ నువ్వే కాచి, నువ్వే రంగు చెప్పు. మీ ఆడమనిషి చక్కెర దించే సూది వేస్తాది."

అలా మాకు పని పంచిపెట్టాడు. నేను రెండు రోజులు వంకాయలను పొడిచి సూది వేయడం నేర్చుకున్నాను. చదువు లేకపోయినా సిరంజి మీద గీతలు లెక్కపెట్టడం ఎవరికైనా వస్తుంది. పొద్దున ఇరవై గీతలు. సూది వేసిన వెంటనే తిండి. గొట్టం నీలంగా నిలిచిన రోజు మాత్రం పది గీతలే.

"అమ్మా, ఇది మరిస్తే మనిషి దక్కడు" అన్నాడు డాక్టరు. "చక్కెర ఎక్కువైతే నిదానంగా చంపుతాది. తక్కువైతే ఒక పూట చాలు. గంగప్పా, ఒణుకు, చెమట, గుండె దడ, ఏది వచ్చినా నోరు తెరిచి చెప్పాల. బెల్లం తినాల. చెప్తావు కద?"

"చెప్తా సామీ."

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఎనిమిది నెలలు సాగింది. పొద్దున్నే పెరటి వసారాలో దీపం ముందు కూర్చుని గొట్టం కాచేవాడు. నేను వంటింట్లోంచి "ఏం రంగు?" అని అరిచేదాన్ని. "నిమ్మపండు." "కొత్త ఇటుక." "నానిన ఇటుక." "చిలకపచ్చ, రెక్క కింద పచ్చ." పక్కింటివాళ్ళు ఏదో చీరల బేరమనుకునేవాళ్ళు. ఒక్కరోజూ నీలం నిలవలేదు. ఇరవై గీతలు ఎక్కించి ఎక్కించి నా చేతికి వేరే లెక్క మరుపొచ్చింది. సూది పొడిచేటప్పుడు ఆయన గోడకేసి చూసేవాడు. రంగు కాగులో చెయ్యి పెట్టే మగవాడు సూదిని మాత్రం చూడలేకపోయేవాడు.

ఆ ఏడాది పద్మకు దొడ్డబళ్ళాపురం సంబంధం వచ్చింది. మగ్గాల మునిస్వామి కొడుకు. వాళ్ళొచ్చి చూసి వెళ్ళిన పదో రోజు సాయంత్రం పోస్టుకార్డు వచ్చింది, పిల్ల నచ్చిందని, ముహూర్తం పెట్టుకుందామని. పద్మ చదివి వినిపించి, సిగ్గుతో లోపలికి పారిపోయింది. ఆయన కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి, అద్దం వెనక దోపి, చేతులు కడుక్కున్నాడు. నాకు ఒళ్ళు మండింది. రాయితో కాపురం చేసినా, పండగకు నూనె పూస్తే అది మెరుస్తుంది కదా అనుకున్నాను.

మర్నాడు పొద్దున రాగి సంగటి కెలుకుతూ ఇక ఉండబట్టలేక అడిగాను.

"ఏమప్పా, ఎట్లుండాది?"

నేనడిగింది పిల్ల పెళ్ళి గురించి. ఆయన వసారాలో దీపం ముందున్నాడు.

"ఆనంద" అన్నాడు.

చేతిలో తెడ్డు జారిపోయింది. ఇరవై ఏళ్ళలో ఆ నోటి నుంచి అలాంటి మాట వినలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. సిరంజి తీసి అలవాటైన ఇరవై గీతలూ నింపి, ఆయన భుజానికి పొడిచి, "నోరు తెరిచి ఆనందమన్నావే, నీ నోట్లో చక్కెర పొయ్యాల. పొయ్యను లే, ఉండేదే శానా" అన్నాను. ఆయన గోడకేసి చూస్తున్నాడు. సంగటి కంచంలో పెట్టి ముందుంచి, ఈ సంగతి చెప్పడానికి పక్కింటి పార్వతమ్మ దగ్గరికి పరిగెత్తాను. పార్వతమ్మ నమ్మలేదు. నమ్మించేసరికి గంట పట్టింది.

తిరిగొచ్చి చూస్తే సంగటి రెండు ముద్దలు కూడా తగ్గలేదు. మగ్గాలవాళ్ళెవరో నూలుకు తొందర పెడితే కాగు దగ్గరికి లేచి వెళ్ళిపోయాడట. మగవాళ్ళకు పనుంటే కడుపుండదు. పోనీలే, వచ్చి తింటాడని రేషను బియ్యం చాటలో పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. పెరట్లోంచి పిలుపు వినిపించింది.

"గౌరీ, రంగు దిగతా ఉండాది."

"దిగితే ఇంకో మారు ముంచు. నన్నడిగితే నాకేం తెలుస్తాది?" అన్నాను.

కాసేపటికి మళ్ళీ అదే మాట, ఈసారి మెల్లగా. "రంగు దిగతా ఉండాది గౌరీ."

"యుద్ధం రంగులు అంతే కదప్పా, దిగకుండా ఏం చేస్తాయి" అన్నాను. రాయి ఒకటి దొరికింది, దాన్ని విసిరేశాను.

అప్పుడు పద్మ వచ్చి నిలబడింది. పిల్ల ముఖం వింతగా ఉంది.

"అమ్మా, నాయన నూలు చేత పట్టుకొని నిలబడి ఉండాడు."

"దానికేమి?"

"అది తెల్లనూలమ్మా. దానికింకా రంగే వెయ్యలే."

చాట ఎలా పడిందో తెలియదు. వెళ్ళేసరికి ఆయన ఉడుకుతున్న కాగు పక్కన ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. వాన దెబ్బ తిన్నట్టు చెమట. చేతిలో తెల్లనూలు వణుకుతోంది. నన్ను చూశాడు కానీ, నేనెవరో ఆ చూపులో లేదు. నేనూ పద్మా చెరో రెక్క పట్టి ఇవతలికి లాగకపోతే కాగులో పడేవాడే. లాగిన చోటే కూలబడ్డాడు. పద్మను డాక్టరు దగ్గరికి తరిమి, బెల్లం నీళ్ళలో నలిపి ఆయన చిగుళ్ళకు రుద్దాను. పళ్ళు బిగపట్టాడు. "మింగప్పా, మింగు. పిల్ల పెళ్ళి చెయ్యకుండా యాడికి పోతావు?" అని తిడుతూనే రుద్దాను. తిట్టడం ఆపితే పోతాడేమోనని భయం వేసింది.

డాక్టరు వచ్చి నరానికి గ్లూకోజు సూది వేశాడు. కాసేపటికి చూపు కుదురుకుంది.

"పొద్దున గొట్టం ఏం రంగు?" అన్నాడు డాక్టరు నాతో.

అప్పుడు వసారా వైపు చూశాను. చెక్క పీట చిల్లులో గొట్టం పొద్దున పెట్టినట్టే నిలబడి ఉంది. నీలం. కలత లేని, మెరిసే నీలం. చీరల్లో ఆ నీలానికి ఒక పేరుంది. యుద్ధానికి ముందు నేనే వందసార్లు విన్న పేరు. మగ్గాలవాళ్ళు గుమ్మంలో నిలబడి "గంగప్పా, అంచుకు ఆనంద వెయ్యి" అని అరిచేవాళ్ళు. రంగు రాకుండా పోయేసరికి పేరు కూడా మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు.

తల బాదుకున్నాను. డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన నన్ను వదిలి ఈయన మీద పడ్డాడు.

"నీకు లోపల ఏమైతాందో నోరు తెరిచి చెప్పకుంటే ఈ మందు ఇంట్లో ఇచ్చేదానికి లేదు గంగప్పా. మందు లేకుంటే నువ్వుండవు. తెలిసిందా?"

మా ఆయన గోడకు ఆనుకుని, గడ్డం మీద బెల్లం కారుతుండగా నెమ్మదిగా అన్నాడు.

"చెప్తిని కద సామీ. రంగు దిగతా ఉండాదని. రెండు మార్లు చెప్తిని."

కొంగుతో ఆయన గడ్డం తుడిచాను. తర్వాత నేనే అడిగాను. "పొద్దున నేనడిగింది పద్మ పెండ్లి గురించప్పా. దాని గురించి చెప్పు. సంతోషమా?"

చాలాసేపు వెతుక్కున్నాడు. నిజంగానే వెతుక్కున్నాడు, నేను చూశాను. జేబులో పడిన సూది కోసం వెతికినట్టు.

"తెలీదు గౌరీ."

"బాధా? భయమా?"

"ఏదో ఉండాది. దాని పేరు తెలీదు."

"చక్కెర దిగితే గుండె దడదడమంటాది, ఒణుకొస్తాది" అన్నాడు డాక్టరు, ఈసారి గొంతు తగ్గించి. "భయమేసినా అంతే. దానికీ దీనికీ తేడా నువ్వు పట్టుకోవాలప్పా."

"భయం ఎట్లుంటాది సామీ?" అన్నాడు మా ఆయన. వెక్కిరింపు కాదు. తెలుసుకుందామనే అడిగాడు. డాక్టరు సంచి సర్దుకుని నా వైపు చూశాడు. ఇది ఇక నీ పని అన్నట్టు.

పెళ్ళికి నాలుగు నెలలుంది. మర్నాటి నుంచి పొద్దున్నే వసారాలోకి నేనే వెళ్ళి, గొట్టం కళ్ళతో చూసి, రెండు ప్రశ్నలు అడిగేదాన్ని. "గొట్టం ఏం రంగు? నువ్వేం రంగు?" మొదటిదానికి వెంటనే చెప్పేవాడు. రెండోదానికి వారం రోజులు తలొంచుకున్నాడు. ఎనిమిదో రోజు "ఉతికిన నూలు" అన్నాడు. ముట్టుకుంటే ఒళ్ళు చల్లగా ఉంది. ముందు తిండి పెట్టాను, తర్వాత సూది. ఇంకోరోజు "జిగురు తియ్యని నూలు" అన్నాడు. ఏమిటా అని ఆరా తీస్తే, ముందురోజు ఒకడు రంగు బాగాలేదని కట్ట విసిరికొట్టాడట. దాన్ని కోపమంటారని చెప్పాను. "అట్లనా" అని తల ఊపాడు. ఒకరోజు "మిరపపండు" అన్నాడు.

"ఎవరి మీద?"

"నీ మీద. నిన్న మొత్తుకుంటివి కద."

ఆ రోజంతా నాకు పండగలా ఉంది. పార్వతమ్మకు మాత్రం చెప్పలేదు. సంగటి తినేదాకా కదలకుండా ఎదురుగా కూర్చున్నాను.

పెళ్ళి దొడ్డబళ్ళాపురంలో కాదు, మా వీధిలోనే పందిరి వేసి చేశాం. ధార పోసేదాకా కన్యాదాత ఉపవాసం ఉండాలని పురోహితుడు పట్టుబట్టాడు. "సామీ, ఈయన ఉపవాసముంటే మీరు ఇంకో కార్యం కూడా చెయ్యాల్సొస్తాది, దానికి సిద్ధమా?" అన్నాను. పురోహితుడు మంత్రం అందుకున్నాడు. ఆ పొద్దు గొట్టం నీలంగా నిలిచేసరికి పది గీతలే సూది వేసి, మా ఆయన్ని రుబ్బురోలు వెనక కూర్చోబెట్టి, పట్టుపంచె మీద పడకుండా తువ్వాలు కప్పి సంగటి తినిపించాను. ఒక్క మెతుకు వదలనివ్వలేదు. కొంగు ముడిలో బెల్లం ముక్క కట్టుకున్నాను.

పద్మ చీర ఎర్రటిది. అంచు మాత్రం ఆనంద. రెండు నెలల కిందట గూట్లోని జర్మనీ డబ్బాను దింపి, వేడినీళ్ళు పోసి, అడుగూ మూతా పుల్లతో గీకి, వచ్చినంత రంగు ఆ ఒక్క అంచుకు వాడాడు. ఎందుకని అడిగితే "మిగిలింటే వేస్తిని" అన్నాడు. డబ్బా మళ్ళీ గూట్లోకి వెళ్ళలేదు.

ధార వేళ వచ్చింది. మామగారు మునిస్వామి, పెళ్ళికొడుకు, పురోహితుడు, అందరూ చుట్టూ ఉన్నారు. మా ఆయన పద్మ చెయ్యి తీసుకుని పెళ్ళికొడుకు చేతిలో పెట్టాడు. నేను చెంబు పట్టుకుని నీళ్ళు పోయాలి. అప్పుడు ఆయన తల తిప్పి, పందిట్లో అందరికీ వినబడేలా అన్నాడు.

"గౌరీ, రంగు దిగతా ఉండాది."

మేళం ఆగిపోయింది. పద్మ ముఖం తెల్లబోయింది. డాక్టరు వెనక వరసలోంచి లేచి వస్తున్నాడు. నేను చెంబు కింద పెట్టి, నాలుగు నెలలుగా నేర్చుకున్నట్టు చేశాను. మెడ వెనక చెయ్యి పెట్టాను. పొడిగా ఉంది. అరచెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది, వణుకు లేదు. నన్ను చూస్తున్నాడు, నేనెవరో తెలిసే చూస్తున్నాడు. బొటనవేలి గోటికి ఇంకా ఆ నీలం మరక ఉంది. ముఖం దగ్గరగా చూశాను. కింది రెప్పల మీద నీళ్ళు, జారాలా వద్దా అన్నట్టు నిలబడి ఉన్నాయి.

"ఇది చక్కెర కాదప్పా" అన్నాను చెవిలో.

"మరి?"

"దీన్ని ఏడుపంటారు. బిడ్డ పోతాది కద, దానికి."

ఆయన దాన్ని కాసేపు లోపల పెట్టుకుని చూసుకున్నాడు. కొత్త రంగు కట్టను ఎండలో పెట్టి చూసినట్టు.

"ఎంతసేపుంటాది?"

"దొడ్డబళ్ళాపురం బస్సు పొయ్యేదాకా ఉంటాది. ఆమీద కూడా రవంత ఉంటాది."

"అయితే సరే" అన్నాడు. నీళ్ళు రెండు కళ్ళలోంచీ జారాయి. ఆయన తుడుచుకోలేదు. చేతులు ఖాళీ లేవు, పద్మ చెయ్యి పట్టుకుని ఉన్నాడు. "పొయ్యవే, ముహూర్తం దాటతాది" అన్నాడు నాతో.

చెంబు ఎత్తి పోశాను. మేళం మళ్ళీ అందుకుంది. కొంగు ముడిలో బెల్లం చేతికి తగిలింది. చుట్టూ చూసి, ఎవరూ చూడకుండా నేనే నోట్లో వేసుకున్నాను.